స్వభావోక్తి, ఒక చేతి కెమెరా

పదవ తరగతిలో అలంకారాలు చెప్పేటప్పుడు స్వభావోక్తి దగ్గర ప్రతి ఏడూ ఒకే ప్రశ్న ఎదురయ్యేది. ఉపమకు పోలిక ఉన్నది. ఉత్ప్రేక్షకు ఊహ ఉన్నది. అతిశయోక్తికి పెద్ద నోరు ఉన్నది. స్వభావోక్తికి ఏమున్నది? జాతి గుణ క్రియాదులను ఉన్నవి ఉన్నట్లు మనోహరంగా వర్ణించటమని లక్షణం చెప్పగానే వెనుక బల్లమీదినుంచి ఎవడో ఒకడు లేచేవాడు. "ఉన్నది ఉన్నట్టు చెప్తే అలంకారం ఎట్లయితది సార్?"

అడిగినవాడు తక్కువవాడేమీ కాదు. తనకు తెలియకుండానే కుంతకుని పక్షాన నిలబడ్డాడు. దండి కావ్యాదర్శంలో అర్థాలంకారాలను చెబుతూ స్వభావోక్తికి మొదటి పీట వేశాడు. వక్రోక్తిజీవితం రాసిన కుంతకుడు దానిని ఆ పంక్తినుంచే లేపివేశాడు. వస్తుస్వభావం శరీరం వంటిది, శరీరానికి నగ పెట్టవచ్చు గాని శరీరమే నగ ఎట్లా అవుతుందని ఆయన వాదం. ముప్పై మూడేళ్ళు ఈ రెండు పక్షాలూ పిల్లలకు వినిపించాను. నా పక్షమేదో తేల్చుకొనే అవసరం ఆనాడు రాలేదు. పదవీ విరమణ చేసి, హైటెక్ సిటీ పక్కకు కాపురం మార్చి, ఈ వయసులో ఒక చేతి కెమెరా పట్టుకున్న తరువాత వచ్చింది.

ముందు కెమెరా సంగతి. అది గొప్ప వస్తువేమీ కాదు. మనుమడు పుట్టినప్పుడు వాడి బోసినవ్వులు దాచుకోవటానికి మా అబ్బాయి కొన్నాడు. అరచేతిలో ఒదిగే రకం. పక్కకు తెరుచుకొనే చిన్న తెర, వేళ్ళమీదుగా ఒక పట్టీ. వాడు పరుగులు నేర్చేసరికి ఫోన్లలోనే మంచి కెమెరాలు వచ్చాయి, ఇది బీరువా పై అరకు ఎక్కింది. 2018లో మేము కొండాపూర్ ఫ్లాటులో చేరి పుస్తకాలు సర్దుకొంటున్నప్పుడు చేతికి తగిలింది.

"ఫోన్ ఉన్నది గదా మామయ్యా, దాంతోనే తీసుకోండి" అన్నది కోడలు. ఆ మాటలో న్యాయం ఉన్నది. మనుషులను తీయటానికి ఫోను చాలు. కాని మనిషిని చూసి బెదిరే ప్రాణిని తీయాలంటే దూరం పాటించాలి, దూరాన ఉండి దగ్గరగా చూడగలగాలి. ఈ పాత కెమెరాలో కటకాలు నిజంగానే ముందుకూ వెనుకకూ జరిగి దూరాన్ని దగ్గర చేస్తాయి. దానిని ఆప్టికల్ జూమ్ అంటారు. లోపల బొమ్మను పట్టే సెన్సర్ గోరంత కూడా ఉండదు కనుక, చిన్న కటకంతోనే అది చాలా దూరం చూస్తుంది. పెద్ద కెమెరాతో అదే చూపు కావాలంటే మోచేతి పొడవు కటకం కావాలి, దానికి తగిన ధరా పెట్టాలి. డిజిటల్ జూమ్ అని ఇంకొకటి ఉన్నది. అది కొత్తగా ఏమీ చూడదు, ఉన్న బొమ్మనే సాగదీస్తుంది. అచ్చమైన అతిశయోక్తి. మొదటి రోజే దానిని ఆపివేశాను.

ఆ చిన్న సెన్సర్‌కు ఒక లోపమూ ఉన్నది. మసక వెలుతురులో దానికి చూపు ఆనదు. సూర్యోదయానికి ముందు తీసినదంతా తెరమీద ఇసుక చల్లినట్టు ఉంటుంది. అడవి ప్రాణులకేమో ఆ వేళే ఇష్టం. అందువల్ల నాకు మిగిలేది ఉదయం ఒక గంట, సాయంత్రం ఒక గంట. ఒక విధంగా సంధ్యావందనపు వేళలే అనుకోండి.

హైటెక్ సిటీలో వన్యప్రాణులేమిటని మిత్రులు నవ్వుకోవచ్చు. సైబర్ టవర్స్‌ను 1998లో ప్రారంభించారు. దాని చుట్టూ నగరం పెరగటం మన కళ్ళముందే జరిగింది. కాని ఈ నేల కింద ఉన్న నల్లసేనపు రాయి వయసు సుమారు 250 కోట్ల సంవత్సరాలు. ఆ రాళ్ళ నడుమ పొదలు, పొదలలో పురుగులు, పురుగులకోసం పిట్టలు. ఒకనాడు గోల్కొండకు నీరు పంపిన దుర్గం చెరువు గుట్టల చాటున రహస్యంగా ఉండేది. 2020లో దానిమీద తీగల వంతెన వచ్చింది. ఇవాళ ఆ వంతెన కిందనే నీటికాకులు రెక్కలు చాపుకొని ఆరబెట్టుకొంటాయి. కొత్తగూడ బొటానికల్ గార్డెన్‌లో పొద్దుటే నడకకు వచ్చే ఉద్యోగుల మధ్యనుంచి నెమలి దర్జాగా దాటిపోతుంది. మియాపూర్ అవతల ఉన్న అమీన్‌పూర్ చెరువును 2016లో జీవవైవిధ్య వారసత్వ స్థలంగా ప్రకటించారు. 1974లో ఏర్పడిన హైదరాబాదు విశ్వవిద్యాలయపు ఆవరణలోనైతే దుప్పులున్నాయి, నక్షత్ర తాబేళ్ళున్నాయి, కుంటలున్నాయి. 1931-32లోనే సాలిం అలీ నిజాం రాజ్యంలో పక్షుల సర్వే చేశాడు. తొంభై ఏళ్ళ తరువాత నేను చేసేది ఆయన పని కాదు. ఆయన జాబితా చేశాడు, నేను ఒక్కొక్క ప్రాణి దగ్గర కూర్చుంటున్నాను.

ఒక మనవి. జాతీయ ఉద్యానాలలో, అభయారణ్యాలలో చిత్రీకరణకు 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం అటవీశాఖ అనుమతి కావాలి. కనుక జూబ్లీహిల్స్‌లోని కాసు బ్రహ్మానందరెడ్డి ఉద్యానంలో నేను కెమెరా తీయను. అక్కడ చేతులు కట్టుకొని నడుస్తాను. అదీ బాగానే ఉంటుంది.

ఇక విద్య. ఈ విద్యలో మొదటి పాఠం కదలకపోవటం. జూమ్ పెంచినకొద్దీ చేతి వణుకూ అన్ని రెట్లు పెరుగుతుంది. ఇరవై ఏళ్ళ కుర్రవాడి చేయి అయినా అంతే, గుండె కొట్టుకొంటున్నంతకాలం చేయి కదులుతూనే ఉంటుంది. అబ్బాయి ఒక తేలికపాటి ట్రైపాడ్ కొనిపెట్టాడు. దానిని నేను త్రిపాది అంటాను. గాయత్రీ ఛందస్సుకు మూడు పాదాలు, నా కెమెరాకూ మూడే. త్రిపాది మోయలేని చోటికి ఒక గుడ్డసంచి తీసుకొనిపోతాను. అందులో కిలోన్నర శనగలు పోసి మూతి కుట్టాను. బండమీదనో గోడమీదనో సంచి పరచి, దానిమీద కెమెరాను కూర్చోబెట్టి అదిమితే శనగలు సర్దుకొని చిన్న పిల్లను ఎత్తుకొన్నట్టు పట్టుకొంటాయి. "ఏమండీ, డబ్బాలో శనగలు తగ్గినయి" అని ఇంట్లో విచారణ జరిగింది. విషయం తెలిసిన తరువాత, పురుగు పట్టకుండా అందులో నాలుగు వేపాకులు వేసి మళ్ళీ కుట్టిపెట్టింది ఆవిడే.

రెండవ పాఠం నిలుపు. ప్రాణి కదులుతున్నది గదా అని కెమెరాను దాని వెంట తిప్పరాదు. చట్రం స్థిరంగా ఉండాలి, ప్రాణి అందులోకి రావాలి, పోవాలి. ఒక్కొక్క దృశ్యం కనీసం పది పదిహేను సెకన్లు సాగకపోతే చూసేవారి కన్ను అందులో కుదురుకోదు. అందరూ అంకెలు లెక్కపెట్టుకొంటారట. నేను ఒక కందపద్యం మనసులో చదువుకొంటాను. కందానికి 64 మాత్రలు. నింపాదిగా చదివితే పదిహేను సెకన్లు దాటుతుంది. పెద్ద దృశ్యమైతే ఒక శార్దూలం. హైటెక్ సిటీలో నాకు దొరికే శార్దూలం అదొక్కటే.

ఫోకస్‌ను మన తెలుగు మాధ్యమపు భౌతికశాస్త్రంలో నాభి అనేవారు. కెమెరా తనంత తాను నాభిని వెతుక్కొంటుంది, కాని దానికి వివేకం లేదు. గడ్డి వెనుక కముజుపిట్ట ఉంటే, ముందున్న గడ్డిపోచను పట్టుకొని అదే ఘనకార్యమనుకొంటుంది. గాలి వీచినప్పుడల్లా పోచనుంచి పిట్టకు, పిట్టనుంచి పోచకు ఊగులాడుతుంది. ఆ స్వేచ్ఛను దానినుంచి తీసివేసి, తెరమీద వేలితో నేనే నాభిని నిలపటం అలవాటు చేసుకొన్నాను. ఇక గాలి చప్పుడు. మైకు రంధ్రాలమీద ఒక చిన్న ఊలుగుడ్డ అంటిస్తే ఆ హోరు చాలా తగ్గుతుంది. తగ్గనిది ఈ ఊరి చప్పుడు. తీతువు కేక వెనుక రాళ్ళు తొలిచే యంత్రపు మోత, కోకిల వెనుక ఆఫీసు బస్సుల హారన్లు. వాటిని తీసివేసి వేణునాదం కలపమని మా మనుమడు సలహా ఇచ్చాడు. వద్దన్నాను. ఇక్కడి తీతువు ఆ మోతలోనే అరుస్తున్నది.

పాలపిట్టను తీయటం నాకు ఓపిక నేర్పింది. దసరానాడు పాలపిట్టను చూస్తే మంచిదని మన తెలంగాణలో నమ్మకం, అది మన రాష్ట్ర పక్షి కూడాను. కూర్చున్నప్పుడు చూస్తే గోధుమరంగులో ఉంటుంది, తెలియనివారు పట్టించుకోరు. ఎగిరినప్పుడు రెక్కలు విప్పగానే రెండు రకాల నీలం ఒక్కసారిగా బయటపడుతుంది, మళ్ళీ వాలగానే మాయం. ఆ ఎగురుటను వెంబడించి తీయటం నా కెమెరాకు సాధ్యం కాదు. కాని దానికి ఒక అలవాటున్నది. కంబంమీద కూర్చుంటుంది, కింద మిడతను చూసి దూకుతుంది, తరచు అదే కంబానికి తిరిగి వస్తుంది. అందుచేత పిట్టను వదిలి కంబాన్ని తీయాలి. కంబం మీద నాభి నిలిపి, చుట్టూ కొంత ఆకాశం ఉంచి, మీట నొక్కి, కందపద్యాలు చదువుకొంటూ కూర్చోవాలి. పదిహేడవ పద్యానికో పద్దెనిమిదవ పద్యానికో నీలం తిరిగివస్తుంది. 2023లో వెలువడిన భారతదేశపు పక్షుల స్థితి నివేదిక, తగ్గిపోతున్న పక్షులలో పాలపిట్టను కూడా చేర్చింది. పద్యాల లెక్క పెరుగుతున్నదని నా అనుభవం, అది గణాంకం కాదు.

అయితే ఈ విద్యకు నిజమైన బడి గిజిగాడు. మా అపార్టుమెంటు వెనుక ఒక ఖాళీ జాగా ఉన్నది. అందులో పాత బావి, బావిమీదకు వంగిన ఒక ఈతచెట్టు. తొలకరి పడగానే దానిమీద గిజిగాళ్ళు చేరతాయి. జాషువ గిజిగాని మీద చెప్పిన పద్యాలు ఎన్ని తరగతులకు పాఠం చెప్పానో లెక్కలేదు. గూడు వేలాడుతుందనీ, నైపుణ్యంతో అల్లుతుందనీ, చూసినవారు ఆశ్చర్యపోతారనీ చెప్పేవాడిని. ఎట్లా అల్లుతుందో ఏ పిల్లవాడూ అడగలేదు. అడిగి ఉంటే నిఘంటువు చూడమనేవాడినేమో.

కొత్తగా కెమెరా పట్టినవారికి ఇంతకంటె అనువైన ప్రాణి లేదు. అది ఎక్కడికీ పోదు. గూడు ఉన్నచోటనే ఉంటుంది, రోజంతా వస్తూ పోతూ ఉంటుంది. మూడో అంతస్తు మెట్ల కిటికీ చెట్టుతలకు సమంగా ఉన్నది. త్రిపాదిని అక్కడ నిలిపి, 2019 వానాకాలంలో జూన్ చివరినుంచి సెప్టెంబరు దాకా దాదాపు ప్రతి ఉదయం తీశాను. కాపలావాడు మొదట అనుమానంగా చూశాడు, తరువాత తానే వచ్చి "సార్, ఇయ్యాల మూడు కొత్తయి మొదలుపెట్టినయి" అని వార్తలు చెప్పసాగాడు.

ఆకును అది చీల్చే తీరు కంటికి అందదు, అంత వేగం. తీసినదానిని కంప్యూటరులో ఒక్కొక్క బొమ్మగా ఆపి చూస్తే తెలిసింది. ముందు ఆకు అంచున ముక్కుతో ఒక గాటు పెడుతుంది. ఆ గాటును పట్టుకొని ఎగురుతుంది. ఎగిరే బలంతోనే ఈనె పొడవునా సన్నని పోగు చీలివస్తుంది. గాటు లోతుగా పెడితే పోగు వెడల్పు, తక్కువైతే తెగిపోతుంది. వేలాడే గూడంతా ఆ గాటులో ఉన్నది. ఇట్లా వందల సార్లు తిరుగుతుంది. మొదట కొమ్మకు ఒక ముడి, ముడినుంచి ఒక వలయం, వలయం చుట్టూ కప్పు. ఆ దశలో గూడు శిరస్త్రాణంలా, కింద ఒక అడ్డపట్టీతో ఉంటుంది. లోపల అక్కడక్కడ తడిమట్టి మెత్తుతుంది. అంతవరకు కట్టి మగపిట్ట ఆగుతుంది.

ఆగి, పసుపు తల ఊపుతూ, గూటికి వేలాడి రెక్కలు కొడుతూ పిలుస్తుంది. ఆడపిట్ట వస్తుంది. మన ఇళ్ళలో పెళ్ళిచూపులకు వచ్చిన పెద్ద ముత్తయిదువ వలె లోపలికి దూరి, పోగులు లాగి చూస్తుంది. నచ్చితే సరి, మగపిట్ట గుడ్లగది పూర్తిచేసి కింద గొట్టం అల్లుతుంది. నచ్చకపోతే వెళ్ళిపోతుంది, గూడు శిరస్త్రాణంగానే మిగిలిపోతుంది. గూడు అంగీకరించిన తరువాత పొదగటం ఆడపిట్ట వంతు. మగవాడు పక్క కొమ్మకు పోయి ఇంకొక గూటికి ముడి వేస్తాడు. 1930ల మొదట్లో సాలిం అలీ ఈ బహుభార్యాత్వాన్ని గమనించి ప్రకటించాడు. మా ఆవిడ తెరమీద ఈ భాగం చూసి, "మీ కవులెవరూ ఈ సంగతి చెప్పలేదేం?" అన్నది. చెప్పలేదు. కవి గూటిని చూశాడు, గూటిలో కవితను చూశాడు. నన్ను కవితలోకి పోనీయకుండా గూటి దగ్గరనే నిలబెట్టింది కెమెరా. కవి చేసినది తక్కువ పని అనను. కాని ఇన్నాళ్ళూ నేను ఉన్నది ఉన్నట్లు చూడకుండానే స్వభావోక్తికి నిర్వచనం చెప్పగలిగాను, అది విచిత్రమే.

ఈ సందర్భంలో నాకొక అలవాటు ఏర్పడింది. మనం ఏ పూజకు కూర్చున్నా ముందు సంకల్పం చెప్పుకొంటాం. ఏ ద్వీపం, ఏ వర్షం, ఏ నదికి ఏ దిక్కు, ఏ సంవత్సరం, ఏ మాసం, ఏ తిథి అని దేశకాలాలు పలికిన తరువాతనే కర్మ మొదలవుతుంది. మూడు నెలలలో ఈతచెట్టు దృశ్యాలు వందలు పోగయ్యేసరికి, నేనూ ప్రతి దృశ్యానికి ముందు సంకల్పం చెప్పటం మొదలుపెట్టాను. కెమెరాను విశాలంగా ఉంచి, చుట్టూ ఉన్న గుట్ట, మేడ, రోడ్డు కనబడేటట్టు ఒక పద్యమంతసేపు తీస్తాను. ఆ సమయంలో తేదీ, వేళ, స్థలం, నేను చూస్తున్న దిక్కు పైకి పలుకుతాను. తిథి కూడా చెబుతాను, అది నా తృప్తికి. తరువాతనే ప్రాణి దగ్గరకు జూమ్. మధ్యలో ఆపను. కెమెరా గడియారాన్ని ప్రతి నెలా సరిచూస్తాను, ఎందుకంటే పాత బ్యాటరీ అయిపోయినప్పుడల్లా దానికి కాలం మరచిపోయే జబ్బున్నది. నా సంకల్పం విని మనుమడు "తాతా, పిట్టకు పెళ్ళి చేస్తున్నవా?" అని నవ్వేవాడు.

నా పూర్వ విద్యార్థి ఒకడు విశ్వవిద్యాలయంలో పనిచేస్తున్నాడు. శీతాకాలపు ఆదివారాలు కొన్ని, అనుమతి తీసుకొని, నన్ను లోపలికి తీసుకొనిపోయాడు. పాఠ్యపుస్తకాలలో స్వభావోక్తికి ఉదాహరణగా చెవులు రిక్కించిన లేళ్ళనే ఇస్తారు. కాళిదాసు శాకుంతలంలో దుష్యంతుని రథం ముందు పరుగెత్తే లేడి మెడ వంచి వెనుకకు చూస్తుంది, దాని నోటినుంచి సగం నమిలిన దర్భలు రాలిపడతాయి. ఆ సగం నమిలిన దర్భ ఊహతో వచ్చేది కాదని నాకు 2024 జనవరిలో తెలిసింది. రెండు దుప్పులు, ఎండుగడ్డిలో మేస్తున్నాయి. నేను శనగల సంచిమీద కెమెరా ఆనించి బండ వెనుక ఉన్నాను. ఎక్కడో ఒక లారీ బ్రేకు కీచుమన్నది. మేస్తున్న పెంటి ఆగింది. తల ఎత్తింది. దవడ నిలిచిపోయింది, గడ్డి పరక పెదవి పక్కన అట్లాగే వేలాడుతూ ఉన్నది. చెవులు రెండూ ఒకేవైపు తిరగలేదు. ఒకటి లారీ వైపు, ఒకటి నా వైపు. ముందుకాలు ఎత్తి నేలమీద తట్టింది. అప్పుడు రెండవ దానికి తెలిసింది. ఒక శార్దూలం, ఒక కందం పట్టేంతసేపు ఏదీ కదలలేదు. తరువాత నమలటం మొదలైంది. ఈ దృశ్యానికి ముందున్న సంకల్పంలో ఎండుగడ్డి, దాని వెనుక పుట్టగొడుగు ఆకారపు బండ, ఆ వెనుక అద్దాల మేడలు ఒకే చట్రంలో ఉన్నాయి.

కంచ అంటే మన ప్రాంతంలో పశువుల మేతకు వదిలిన బీడు. బౌలి అంటే ఉర్దూలో దిగుడుబావి. కంచ గచ్చిబౌలి అన్న పేరులోనే గడ్డీ నీరూ రెండూ ఉన్నాయి. విశ్వవిద్యాలయాన్ని ఆనుకొన్న ఆ 400 ఎకరాల గురించి మిత్రులందరికీ తెలుసు. 2025 మార్చి 30న, సరిగ్గా విశ్వావసు ఉగాదినాడు, అక్కడికి యంత్రాలు వచ్చాయి. విద్యార్థులు అడ్డుపడ్డారు. ఏప్రిల్ 3న సుప్రీంకోర్టు పనులన్నీ నిలిపివేయమన్నది. కోర్టు ఆదేశంమీద వెళ్ళి చూసిన రిజిస్ట్రార్ నివేదిక ప్రకారం అప్పటికే దాదాపు 100 ఎకరాలలో చెట్లు పోయాయి. అక్కడ నెమళ్ళు, జింకలు ఉన్నాయని కూడా ఆ నివేదికలో ఉన్నది. భూమి ఎవరిదన్న వ్యాజ్యం వేరు, అందులో మాట్లాడే విద్య నాకు లేదు. అక్కడ ఏమున్నదన్న ప్రశ్నలో మాత్రం నాకు కొంత పాలున్నది.

ఎందుకంటే ఆ వారంలో ఆ ప్రశ్నే చిక్కుపడింది. ఫోన్లనిండా బొమ్మలు. కొన్ని నిజమైనవి, కొన్ని కృత్రిమ మేధ కల్పించినవి. పుట్టగొడుగు బండ ముందు బుల్డోజర్లు, వాటి ఎదుట నెమలి, జింక ఉన్న బొమ్మ ఒకటి ఎంతగానో తిరిగింది. అది బొమ్మల కథలోని చిత్రం వలె గీసినది, చూడగానే కల్పన అని తెలుస్తుంది. దానితో నాకు పేచీ లేదు. దుఃఖం వచ్చినప్పుడు ఉత్ప్రేక్ష కూడా వస్తుంది. ఛాయాచిత్రం వేషం వేసుకొని వచ్చినవే ప్రమాదకరమైనవి. వాటిని చూపి ప్రభుత్వం ఇవన్నీ కల్పనలేనన్నది, కేసులు కూడా పెట్టారు. ఒక దొంగ నాణెం దొరికితే అంగడివాడు సంచిలోని మంచి నాణేలను కూడా రాతిమీద మోగించి చూస్తాడు. నిజంగా అక్కడ తీసిన పిల్లల వీడియోలు కూడా ఆ మోగింపుకు లోనయ్యాయి.

నా విద్యార్థి ఫోను చేశాడు. "సార్, మీరు తీసినయి కోతలు లేకుండ కావాలె. తేదీలు ఉన్నయా?"

"ఉన్నాయిరా. తిథులు కూడా ఉన్నాయి."

అబ్బాయి కూర్చొని, కెమెరా కార్డులనుంచి నేరుగా, ఒక్క బొమ్మా మార్చకుండా నకళ్ళు తీసి ఇచ్చాడు. పాటలు కలిపినవి, కత్తిరించినవి, అందంగా చేసినవి ఏవీ ఇవ్వలేదు. అవి మోటుగానే ఉంటాయి. ఒక ముసలి గొంతు తేదీ చెబుతుంది, ఈశాన్యమంటుంది, బహుళ పంచమి అంటుంది, దగ్గుతుంది. బండ, మేడ, గడ్డి. చట్రం నెమ్మదిగా బిగుస్తుంది. గడ్డిలో దుప్పి తల ఎత్తుతుంది.

విద్యార్థి ఆ రాత్రి వాటిని హాస్టలులో తన స్నేహితులకు చూపించాడట. ఎవరో ఒకరు, "ఇది గూడ ఏఐనా?" అని అడిగారట. ఇంకొకరు, "ఏఐ పంచమి చెప్తదారా?" అన్నారట. మరునాడు ఈ మాట వాడు చెబుతుంటే నవ్వాను. తరువాత చాలాసేపు ఏ పనీ చేయబుద్ధి కాలేదు. ఉన్నది ఉన్నదని నమ్మించటానికి దుప్పి స్వయంగా తల ఎత్తటం చాలకపోయింది, పక్కన ఒక పంతులు పంచాంగం చదవవలసి వచ్చింది.

కుంతకుని మీద గౌరవం తగ్గలేదు గాని నేను దండి పక్షానికి చేరిపోయాను. కల్పన అంగట్లో చవకగా దొరికే రోజున, వస్తువును దాని చోట, దాని వేళలో, దాని కదలికతో చెప్పటమే అరుదైన నగ అయింది. ఈ మాట ఆలంకారికులు ఒప్పుకొంటారో లేదో. వ్యాఖ్యలలో పోట్లాడండి, సిద్ధంగా ఉన్నాను.

కెమెరా కొనదలచిన మిత్రులు ఇద్దరు ముగ్గురు వివరాలు అడిగారు. పాతదైనా ఫరవాలేదు. ఆప్టికల్ జూమ్ ఎంతో చూడండి. నాభిని చేతితో నిలిపే ఏర్పాటు ఉన్నదో లేదో చూడండి, అది లేనిది కొనవద్దు. బ్యాటరీ రెండవది కొనుక్కోండి. త్రిపాది మరీ తేలికైతే గాలికి ఊగుతుంది, కింద నీళ్ళసీసా వేలాడదీయండి. గూళ్ళున్న కొమ్మకు దగ్గరగా పోవద్దు. పిట్ట అరుపు మారితే అది మిమ్మల్ని పొమ్మంటున్నదని అర్థం, వెంటనే వచ్చేయండి.

మా వెనుక జాగాకు ఈమధ్య చుట్టూ నీలిరేకులు పాతారు. రేకులకు పైన ఈతచెట్టు తల ఇంకా కనబడుతున్నది. ఈ వానలకు పదకొండు గూళ్ళు మొదలయ్యాయి. నాలుగింటికి గొట్టాలు దిగాయి, మిగిలినవి శిరస్త్రాణాలు. నిన్న పొద్దున మెట్ల దగ్గర త్రిపాది విప్పుతుంటే కాపలావాడు కిటికీలోనుంచి తొంగిచూసి, "సార్, అయిదో దానికి గూడ గొట్టం వస్తున్నది, జల్ది పెట్టుండ్రి" అన్నాడు.